బాకా ఆపలేని పగ

రాజు సౌలు చనిపోయాక ఇశ్రాయేలు రెండుగా చీలింది. హెబ్రోనులో యూదా గోత్రంవారు దావీదుకు పట్టం కట్టారు. యొర్దాను నది అవతల మహనయీములో సౌలు కొడుకు ఇష్బోషెతును గద్దెనెక్కించాడు సేనాపతి అబ్నేరు. రెండు సేనలూ గిబియోను కొలనుకు చెరో పక్కన కూర్చున్న ఘట్టం బైబిల్లోని రెండో సమూయేలు గ్రంథంలో ఉంది. దావీదు గొల్యాతును పడగొట్టిన కథ తెలిసినంతగా ఇది మనవాళ్లకు తెలియదు.

కుర్రాళ్లు లేచి మన ఎదుట పోటీపడనీ అని మొదలుపెట్టింది అబ్నేరే. పన్నెండు మందికి పన్నెండు మంది లేచారు. ఎదుటివాడి తల పట్టుకుని డొక్కలో కత్తి దించారు. అందరూ ఒక్కసారే కూలారు. పోటీ తేలలేదు గనుక యుద్ధం ముదిరింది.

అబ్నేరు ఓడి పారిపోతుంటే దావీదు సేనాపతి యోవాబు తమ్ముడు అశాహేలు వెంటపడ్డాడు. అడవిలేడిలా పరుగెత్తే కుర్రాడు. అబ్నేరు వెనక్కి తిరిగి చూసి, మరొకడిని పట్టుకుని వాడి ఆయుధాలు తీసుకోమన్నాడు. వినలేదు. నిన్ను చంపితే నీ అన్నకు ముఖమెలా చూపించనని బతిమాలాడు. అయినా వినలేదు. చివరికి ఈటె మడమతో వెనక్కి పొడిచాడు. అది కడుపులో దిగి వీపున తేలింది. మొనతో కాక మడమతో పొడిచాడంటే ఆపాలనే చూశాడేమో అనిపిస్తుంది నాకు.

పొద్దుగూకే వేళ అమ్మా కొండ మీద నిలబడి అబ్నేరు కేక వేశాడు: కత్తి ఎన్నాళ్లు ఇలా మింగుతూ ఉండాలి? సహోదరులను తరమడం మానమని నీ జనానికి ఎప్పుడు చెబుతావు? ఉదయం గుర్తురాని సహోదరులు సాయంత్రానికి గుర్తొచ్చారు. పైగా ఆ మాట అన్నది ఎవరితో? తన చేతిలో తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడితో. అయినా తరమడం ఆపమని యోవాబు బాకా ఊదాడు. ఓడుతున్నవాడు శాంతి అడగడంలో వింతేముంది? గెలుస్తున్నవాడు ఆగడమే వింత. లెక్క చూస్తే దావీదు పక్షాన అశాహేలు కాక 19 మంది, అబ్నేరు పక్షాన 360 మంది పోయారు.

ఆ రాత్రి అబ్నేరు మనుషులు యొర్దాను దాటారు. యోవాబు తమ్ముణ్ణి బేత్లెహేములో తండ్రి సమాధిలో పెట్టి, తెల్లవార్లూ నడిచి హెబ్రోను చేరాడు. సేనలు ఆగాయి సరే, ఆ సమాధి లెక్క ఎవరు తేల్చాలి? చంపబడినవాడి దగ్గరి బంధువు పగ తీర్చుకోవడం ఆనాటి ఆనవాయితీ. దాని గురించి కొండ మీద ఒక్క మాటా నడవలేదు. యుద్ధమూ ఆగలేదు, చాలాకాలం సాగింది.

తర్వాత ఇష్బోషెతుతో చెడి, అబ్నేరు దావీదుతో సంధి కుదుర్చుకుని హెబ్రోను నుంచి క్షేమంగా బయల్దేరాడు. యోవాబు కబురంపి వెనక్కి రప్పించాడు. రహస్యం మాట్లాడాలన్నట్టు హెబ్రోను ఊరి గుమ్మంలో పక్కకు తీసుకెళ్లి కడుపులో పొడిచాడు. తమ్ముడికి తగిలిన చోటే. చేయి జారి చంపినవాడు పగవాడి నుంచి తలదాచుకోవడానికి ఏర్పరచిన ఆశ్రయపురాల్లో హెబ్రోను ఒకటి. దావీదు అబ్నేరు పాడె వెనక నడిచాడు. బట్టలు చించుకుని, గోనె కట్టుకుని శవం ముందు ఏడుస్తూ నడవమని యోవాబునే ఆజ్ఞాపించాడు.