దూబగుంట చెప్పినవి రెండు, సర్కారు విన్నది ఒకటే

నెల్లూరు జిల్లా దూబగుంట పేరు వినగానే సారా వ్యతిరేక ఉద్యమం గుర్తొస్తుంది. అది రాత్రిబడిలో రాజుకుందన్న సంగతి మాత్రం చాలామంది మర్చిపోయారు. 1990ల మొదట్లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జోరుగా సాగింది. కూలికి వెళ్లొచ్చిన ఆడవాళ్లు పలకలు పట్టుకుని కూర్చునేవారు. వాచకంలో తాగుబోతు మొగుడితో పడరాని పాట్లు పడ్డ సీతమ్మ కథ ఉంది. అది చదివాక సీతమ్మను పక్కనపెట్టి తమ ఇళ్ల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కూలి డబ్బులు ఎటు పోతున్నాయి, రాత్రయితే ఒంటిమీద దెబ్బలెందుకు పడుతున్నాయి అని.

ఇంటి గుట్టు లంకకు చేటు అంటూ మనవాళ్లు ఆడవాళ్ల నోరే ఎక్కువ మూయించారు. ఒకామె చెబితే అది ఆమె ఖర్మ. పక్కింటామె, ఎదురింటామె కూడా అదే చెబితే ఇక ఖర్మ అని సరిపెట్టుకోవడం కష్టం. రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలబడగా దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. వాళ్ల గెలుపు ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై మిగతా ఊళ్ల రాత్రిబడులకు చేరింది. 1992లో సారా వేలం పాటల్నే అడ్డుకున్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం.

కానీ ఆ ఆడవాళ్లు చెప్పినవి రెండు: తాగుతున్నాడు, కొడుతున్నాడు. ప్రభుత్వానికి మొదటిదే వినపడింది. తాగకుండానే కొట్టేవాడి సంగతేమిటన్న ప్రశ్నకు నిషేధంలో జవాబు లేదు. 1997లో ఆ నిషేధాన్నీ సడలించారు. గృహహింస చట్టం 2005 దాకా రాలేదు.

ఇప్పుడు కథ చెప్పడానికి ఫోన్ చాలంటారు. అంత తేలికేం కాదు. తనకెదురైన లైంగిక వేధింపు గురించి 2018లో బయటపెట్టిన జర్నలిస్టు ప్రియా రమణి మీద, ఆమె వేలెత్తి చూపిన నాటి కేంద్రమంత్రి క్రిమినల్ పరువునష్టం కేసు వేశారు. మరో మహిళా జర్నలిస్టు కోర్టుకొచ్చి తన అనుభవమూ చెప్పారు. దశాబ్దాల తర్వాతైనా, తనకు నచ్చిన వేదికమీద మహిళ తన బాధ చెప్పుకోవచ్చంటూ 2021లో ఢిల్లీ కోర్టు ప్రియను నిర్దోషిగా తేల్చింది. పేరున్న పాత్రికేయురాలికే రెండేళ్లకు పైగా కోర్టు టెన్షన్ తప్పలేదు. మన టీవీ చర్చల్లో అయితే ‘ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు’ అన్నదే మొదటి ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది. 2019-21 లెక్కల ప్రకారం, దేశంలో శారీరక లేదా లైంగిక హింసకు గురైన మహిళల్లో 77 శాతం మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పుకోనూ లేదు. వీళ్లను కెమెరా ముందుకు రమ్మనడం నాకు దుర్మార్గంగానే తోస్తుంది. వినేచోటు వాళ్ల దగ్గరికే వెళ్లాలి. నెల్లూరు ఉద్యమం వెనకే పెరిగిన పొదుపు సంఘాలు ఇవాళ ఊరూరా ఉన్నాయి. సమావేశం అప్పులు, కిస్తీల లెక్కతోనే ముగుస్తుంది. గృహహింస చట్టం ప్రకారం ఉన్న రక్షణాధికారి నెలకోసారి అక్కడికొచ్చి కూర్చుంటే, కావాలన్నవాళ్ల మాట అక్కడే గృహహింస నివేదికగా నమోదు చేయవచ్చు. దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.