అంధకూపంలో ఓళిగ

మొన్న శనివారం జరిగిన అవమానం నడుము చుట్టూ దద్దుర్ల రూపంలో ఇంకా నిలిచే ఉన్నది కనుక, అవి మానేలోగానే రాసిపెడుతున్నాను.

కడపలో మా వీధి రామాలయంలో భాగవత సప్తాహం జరుగుతున్నది. పురాణం చెప్పవలసిన స్వామి ఒకే సాయంకాలానికి రెండు ఊళ్లు ఒప్పుకొని ప్రొద్దుటూరులో చిక్కుబడిపోగా, కమిటీ పెద్దమనిషి వచన భాగవతం తెచ్చి నా చేతిలో పెట్టి, "రోంతసేపు చదువు సార్, సామి వస్తాండాడు" అన్నాడు. నాలుగు గంటలకే రమ్మన్న ఈ మనిషి ఆరున్నర దాకా గుక్కెడు కాఫీ అయినా ఇప్పించలేదన్న సంగతి ఇక్కడ చెప్పి తీరాలి, ఎందుకంటే నేను చేసిన నేరంలో సగభాగం ఆయనదే. నైవేద్యానికని చేసిపెట్టిన ఓళిగల్లో, అంటే బొబ్బట్లలో, ఒకదాన్ని తీసి సగం తిని, తక్కిన సగాన్ని కాగితంలో మడిచి లాల్చీ పక్కజేబులో వేసుకొని వేదిక ఎక్కాను.

నా వంతుకు వచ్చినది పంచమ స్కంధంలోని 26వ అధ్యాయం, అంటే 28 నరకాల వర్ణన. ఒంటిమిట్ట పక్కనే ఉన్నందువల్ల పోతన మావాడని మేము గొప్పలు చెప్పుకుంటాము గాని, తెలుగు భాగవతంలో ఈ స్కంధాన్ని రాసినది పోతన కాదు, గంగన. నరకాల పని తనకు తప్పి మరొకరి మీద పడినందుకు పోతన పుణ్యాత్ముడే అనిపించింది. నిరపరాధులను దండించిన రాజులను, రాజోద్యోగులను సూకరముఖంలో చెరకు గడల మాదిరి నలుపుతారన్న వాక్యాన్ని కమిటీ పెద్దమనిషి వైపు చూస్తూ రెండుసార్లు చదివాను. ఆయన వినలేదు, మైకు తీగ సవరిస్తున్నాడు.

తరువాతిది అంధకూపం. దోమలు, నల్లులు, ఈగలు మొదలైన అల్పప్రాణులను హింసించినవాడు చీకటి బావిలో పడతాడనీ, అతనిచేత బాధపడిన ఆ ప్రాణులే అక్కడ అన్ని వైపుల నుంచీ కుడుతూ అతనికి నిద్ర లేకుండా చేస్తాయనీ చదువుతుండగా, కుడివైపు నడుము మీద మొదటి చీమ కుట్టింది.

శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. ఆ లెక్కన ఒక నిమిషంలో కైలాసం నుంచి కనీసం 20 ఆజ్ఞలు జారీ అయి ఉండాలి. ప్రభుత్వ కార్యాలయంలో ఒక్క సంతకానికి మూడు నెలలు తిరిగిన నాకు ఆ వేగం ఆశ్చర్యం కలిగించింది. బెల్లం వాసన పట్టి కాగితంలో చేరిన చీమలు జేబు దాటి పంచెకట్టులోకి దిగుతున్నాయి. చేత్తో నలుపుదామంటే, చీమను నలిపినవాడి గతి ఏమిటో నా నోటితోనే, అదీ మైకులో, జనానికి వివరిస్తున్నాను. నలపకపోతే కుడుతున్నాయి. చిన్నతనంలో తూనీగలను పుల్లలతో గుచ్చినందుకు మాండవ్య మహర్షి శూలం మీద ఎక్కవలసి వచ్చినప్పుడు, ఆయన యముణ్ణే నిలదీసి, శూద్రయోనిలో పుట్టమని శపించి, 14 ఏళ్ల లోపు చేసినది పాపం కాదని కట్టడి చేశాడని భారతం చెబుతున్నది. ఆ మినహాయింపు ఉపయోగపడుతుందేమోనని చదువు ఆపకుండానే లెక్క వేశాను. నాకు 54 నిండాయి.

ఇక ఓర్చుకోలేక ఒళ్లు విదిలించాను. గొంతు వణికింది, పుస్తకం వణికింది, చివరకు పీట కూడా కదిలింది. ముందు వరుసలోని ముసలమ్మ ఒకావిడ "సామి వచ్చినాడు సామి వచ్చినాడు" అని లేచి, కర్పూరం వెలిగించి నా ముఖం ముందు తిప్పుతూ, మనమరాలి పెండ్లి ఈ ఏడు అవుతుందా లేదా చెప్పమని చేతులు జోడించింది. కర్పూరపు వేడి ముఖానికి, చీమలు నడుముకు తగులుతుండగా నేను "అవుతుంది, అవుతుంది" అని అరిచాను. ఆ అరుపు మైకులో వీధంతా వినిపించింది. ఆ పెండ్లి కాకపోతే నా గతేమిటో 28 నరకాలలో ఎక్కడైనా ఉన్నదేమో, వెతికే ధైర్యం లేదు.

ఆ అరుపుతో పుట తిరిగింది. కృమిభోజనం. దొరికినదాన్ని పంచయజ్ఞాలు చేయకుండా, ఇతరులకు పంచకుండా ఒక్కడే తినేవాడు లక్ష యోజనాల పురుగుల గుంటలో తానూ పురుగై పురుగులను తింటూ, వాటిచేత తినబడుతూ ఉంటాడు. ఈ వాక్యం సగంలో ఉండగా, లాల్చీ విదిలించిన ఊపుకు ఓళిగ సగం జేబులోంచి జారి సరిగ్గా పుస్తకం మీద, చీమలతో సహా పడింది.

"అవ్వా, ఓళిగ!" అని ఒక పిల్లవాడు అన్నాడు.

సరిగ్గా అప్పుడే ప్రొద్దుటూరు నుంచి స్వామి దిగాడు. ఆలస్యానికి ఆయన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు, పైగా శాలువా కప్పారు. నెయ్యి మరకైన పుస్తకానికి 400 రూపాయలు కట్టమని కమిటీ పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. కట్టి రసీదు అడిగాను. "అది పైన ఇస్తార్లే సార్" అని వంటశాలలోకి వెళ్లిపోయాడు.