సవరణ: ఆర్‌ఎక్స్-8కి మామూలు కంప్రెషన్ గేజ్ పనికిరాదు

సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనేముందు కంప్రెషన్ టెస్ట్ (ఇంజన్ లోపల గాలి ఎంత ప్రెషర్‌తో నొక్కుకుంటుందో గేజ్ పెట్టి చూడటం) చేయించమనీ, ఆయిల్ తాగే బండిని వదిలేయమనీ మొన్నటి పోస్టులో రాశాను. అది పిస్టన్ ఇంజన్ల మాట. మాజ్దా ఆర్‌ఎక్స్-8 లెక్క వేరు.

దానిది రోటరీ ఇంజన్, అంటే పిస్టన్లకి బదులు లోపల మూడు మూలల రోటర్లు తిరుగుతాయి. రెండు రోటర్లు, ఒక్కోదానికి మూడు ముఖాలు, ఒక్కో ముఖానికీ ప్రెషర్ వేరు. మామూలు గేజ్ పెడితే మూడింటిలో ఎక్కువ ప్రెషర్ ఉన్నదాన్నే చూపిస్తుంది. మిగతా రెండూ పాడైపోయినా ముల్లు బాగానే లేస్తుంది. అందుకే రోటరీ టెస్టర్ ఉన్న మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లండి. ఇంజన్ వేడి మీద ఉండాలి, ఆరు రీడింగులూ మీ చేతికి రావాలి. రీడింగుల్ని 250 ఆర్‌పీఎం (నిమిషానికి 250 చుట్లు) వేగానికి లెక్కగట్టాక ఏదీ 680 కిలోపాస్కల్స్‌కి తగ్గకూడదు. ఒకే రోటర్ ముఖాల మధ్య తేడా 150 దాటకూడదు.

ఇక ఆయిల్ సంగతి. రోటర్ల అంచుల్లో ప్రెషర్ జారిపోకుండా ఆపే సీల్స్ తడపడానికి ఈ ఇంజనే కొంచెం ఆయిల్ లోపలికి తీసుకుంటుంది, కాబట్టి కొంత తగ్గడం సహజం. "చుక్క కూడా తాగదండీ" అని అమ్మేవాళ్లు అంటే నాకైతే అనుమానమే.

టెస్టర్ దొరక్కపోతే, బండిని బాగా తిప్పి ఆపి, ఐదు పది నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేయండి. కంప్రెషన్ పడిపోయిన ఇంజన్ వేడి మీదే మొరాయిస్తుంది. సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా అందుకోకపోతే, టెస్ట్ రిపోర్ట్ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.