ఎముక మజ్జ గారికి ఒక ఫిర్యాదు

మజ్జ గారికి నమస్కారం.

తుంటి ఎముకలో సూది దించి మీ దగ్గరికి వచ్చేవాళ్లంతా బ్లాస్ట్ కణాలు (ఎదగని రక్తకణాలు) ఎంత శాతమో లెక్కపెట్టుకుని వెళ్లిపోతారు. మీ సంగతి అడిగేవాళ్లు తక్కువ. ల్యుకేమియా అనే రక్తక్యాన్సర్ కేసులో మొదటి ముద్దాయి చెడిపోయిన మూలకణమే (రక్తకణాలకు తల్లి లాంటి కణం), కాదనం. దాన్ని దాచిపెట్టిందెవరు?

మూలకణం మూలకణంగా నిలబడాలంటే అది ఉండే చోటే ముఖ్యమని 1978లోనే రే స్కోఫీల్డ్ అనే శాస్త్రవేత్త అన్నాడు. ఆ చోటు తమరే. మీలో ఆధారంగా నిలిచే స్ట్రోమా కణాలు సీఎక్స్‌సీఎల్12 అనే ప్రోటీన్ వదులుతాయి. ఒంటిమీద సీఎక్స్‌సీఆర్4 అనే కొక్కెం ఉన్న మూలకణాలు దాన్ని పట్టుకుని వచ్చి మీ దగ్గర సర్దుకుంటాయి. రోజుకు సుమారు 20,000 కోట్ల ఎర్రకణాలు తయారవుతున్నాయంటే ఈ ఏర్పాటు చలవే. మెచ్చుకోవాల్సిందే.

కానీ ల్యుకేమియా మూలకణానికీ సీఎక్స్‌సీఆర్4 ఉంటుంది. మీరేమో ఆధార్ కార్డు అడగరు! అది దర్జాగా వచ్చి కబ్జా పెడుతుంది. ఎలుకల్లో చూస్తే, ల్యుకేమియా పెరిగిన చోట సీఎక్స్‌సీఎల్12 తగ్గిపోయి, మంచి మూలకణాలు దారితప్పి క్రమంగా తరిగిపోయాయి. సొంతదారులు రోడ్డున పడ్డా మీరు నోరు మెదపలేదు.

ఇక కీమో వచ్చినప్పుడు మీరు చేసే సేవ ఉంది చూశారూ! సైటరబిన్ అనే కీమో మందు ముఖ్యంగా విభజన జరుపుకుంటున్న కణాన్నే కొడుతుంది. మీరేమో ఆక్సిజన్ తక్కువగా ఉన్న మూలన ల్యుకేమియా కణాన్ని కూర్చోబెట్టి, వీక్యామ్-1 అనే అతుక్కునే ప్రోటీన్‌తో గట్టిగా పట్టుకుని, విభజన మాటే లేకుండా నిద్రపుచ్చుతారు. పైగా మీ స్ట్రోమా కణాలు తమకు శక్తినిచ్చే మైటోకాండ్రియాను కూడా దానికి ధారపోస్తాయట. బస్సులో చిల్లర ఇవ్వడానికి ఏడ్చే లోకంలో ఇంత దానగుణమా?

లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ మందుతో పిల్లల ల్యుకేమియా తగ్గుముఖం పట్టిందని 1948లో బోస్టన్ నుంచి డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ప్రకటించాడు. కొన్నాళ్లకే రోగం తిరగబెట్టింది. అందులో మీ వాటా ఎంతని అడగడానికి స్కోఫీల్డ్ మాట ఇంకా 30 ఏళ్ల దూరంలో ఉంది. మీ అదృష్టం.

దాచడం వరకైతే మొహమాటం అనుకుని సరిపెట్టుకుందుము. 2010లో ఎలుకల్లో ఎముకను కట్టే కణాల పూర్వరూపాల్లో మాత్రమే డైసర్1 అనే జన్యువును తీసేశారు. రక్తకణాల జోలికే పోలేదు. అయినా రక్తం చెడింది, కొన్నిటికి ల్యుకేమియా కూడా వచ్చింది. దీనికేమంటారు?

మీ పట్టు వదిలించడానికి సీఎక్స్‌సీఆర్4ను అడ్డుకునే ప్లెరిక్సాఫర్ అనే మందు ఉంది. 2008లో అమెరికాలో అనుమతి వచ్చింది, అదీ మూలకణ మార్పిడి కోసం మంచి మూలకణాలను రక్తంలోకి రప్పించడానికి. దాంతో ల్యుకేమియా కణాలనూ బయటికి లాగి కీమోకు అప్పగించాలని పరీక్షలు చేశారు. చిక్కేమిటంటే, మంచివాటినీ చెడ్డవాటినీ మీరు పట్టుకునేది అదే సీఎక్స్‌సీఆర్4 కొక్కెంతో. లాగితే రెండూ వస్తాయి.

కనుక ఈ లేఖ అందిన వెంటనే, ఎవరికి కొక్కెం వేస్తున్నారో మొహం చూసి వేయవలసిందిగా మనవి.

ఇట్లు,
మిమ్మల్ని ఎముకల్లో పెట్టుకుని మోస్తున్న మనిషి