రాజు పొట్టి, గుర్రం గట్టి

రాజ్యమేలడానికి బుర్ర కావాలని కొందరు అపోహ పడుతుంటారు. గుర్రం చాలు. నమ్మకం కుదరకపోతే లండన్ నేషనల్ గ్యాలరీలో వాన్ డైక్ 1637-38 ప్రాంతంలో గీసిన ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ బొమ్మ ముందు నిలబడండి. తలెత్తక తప్పదు, కాన్వాసు ఎత్తే పన్నెండు అడుగులు.

చార్లెస్ మహారాజు పొట్టి. పైగా నత్తి. నేల మీద నిలబెట్టి మాట్లాడిస్తే రెండూ బయటపడతాయి. అదే జీను మీద కూర్చోబెడితే ఎత్తు కొలిచేదెవరు? బొమ్మకు నత్తి ఎలాగూ ఉండదు. ఒంటికి కవచం, చేతిలో సేనాధిపతి దండం, వెనకాల శిరస్త్రాణం మోస్తూ ఒక సేవకుడు. గుర్రం ఒళ్లు ఇంత లావు, తల మాత్రం బుల్లిది. రాజుగారి తలతో పోటీ పడకూడదని కాబోలు. ఆ మాత్రం లౌక్యం లేకుంటే వాన్ డైక్‌కు 'సర్' బిరుదు ఊరికే ఇస్తారా? ఇంతా చేసి, చూసినవాళ్లు ఎవరో అనుకుంటారేమోనని చెట్టుకో పలక కట్టి 'చార్లెస్, గ్రేట్ బ్రిటన్ రాజు' అని లాటిన్‌లో రాశారు.

వాన్ డైక్ కుంచెతో సర్దిన సంగతిని ఖజానా చూసే వెస్టన్ దొర అంతకుముందే కాగితం మీద పెట్టాడు. 1630లో లె స్యూర్ అనే శిల్పికి కంచు విగ్రహం పురమాయిస్తూ, రాజుగారి ఆకారం నిండుగా ఆరడుగులు ఉండాలని ఒప్పందంలో రాయించాడు. లెక్కలు సర్దడం ఖజానావాళ్లకు ఒకరు నేర్పాలా!

గుర్రంలో ఇంకో సుగుణం, ఎదురు ప్రశ్న వేయదు. పార్లమెంటు వేస్తుంది, అందుకే 1629 నుంచి పదకొండేళ్లు దాన్ని పిలవనే లేదు. డబ్బుకు టెన్షన్ ఏముంది, సముద్రం మొహం చూడని ఊళ్ల మీద కూడా ఓడల పన్ను వేశాడు. 1640లో స్కాట్లండ్ సేన వచ్చి ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ పట్టుకుంది. బొమ్మలోని సేనాధిపతి కాన్వాసు దిగి రాలేదు.

చివరికి ఆ పార్లమెంటుతోనే యుద్ధం చేసి ఓడిన రాజుగారి తల 1649 జనవరి 30న తెగింది. తరవాత పార్లమెంటు ఆ కంచు విగ్రహాన్ని ముక్కలు చేయమని జాన్ రివెట్ అనే లోహకారుడికి అమ్మింది. అతగాడు రాజునీ గుర్రాన్నీ భద్రంగా దాచేసి, ఆ కంచుతో చేసినవంటూ కత్తి పిడులు అమ్ముకున్నాడని చెబుతారు. (అసలు విగ్రహం 1675లో లండన్ చేరింగ్ క్రాస్‌లో మళ్లీ గుర్రమెక్కి నిలబడింది.) ఆ పిడుల్ని రాజభక్తులు జ్ఞాపకంగా కొన్నారట, గిట్టనివాళ్లు సంబరంగా కొన్నారట. పన్ను కట్టమంటే గొడవకు దిగిన జనం చార్లెస్ పేరు మీద ఇష్టపడి డబ్బులు తీసింది బహుశా అప్పుడే.