ఒకటో తారీఖు గారికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఒకటో తారీఖు గారి దివ్యసముఖమునకు, పర్లాకిమిడి నుండి మీ మాజీ ఆశ్రితుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా...

ఆగు, ఇలా కాదు. గిడుగు రామ్మూర్తి పంతులు గారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు ఇది, వాడుక భాష కోసం ఆయన అంత కొట్లాడితే అదే ఊళ్ళో కూర్చుని నేను "వ్రాయునది ఏమనగా" అంటే బాగోదు. మామూలుగానే మాట్లాడుకుందాం. ఎలాగున్నావు? బిజీయే అయ్యుంటావులే, పాలవాడు, చీటీల ఆవిడ, ఈఎంఐ, అందరూ నీ గుమ్మం ముందే కదా.

నీతో నాది తొమ్మిదేళ్ళ సంబంధం. విశాఖలో ఓ ఆఫీసు. నువ్వు వచ్చే ముందురోజు రాత్రి ఫోన్ తలగడ కింద పెట్టుకుని పడుకునేవాణ్ణి, పొద్దున్న టింగుమంటే చాలు, మొహం కూడా కడక్కుండా నీ దర్శనం చేసుకుని, పది రోజుల్లో అంతా ఖర్చుపెట్టీసి, మిగతా ఇరవై రోజులూ మళ్ళీ నీకోసం ఎదురుచూడ్డం. మధ్యలో పనేటి చేసేవాడివి అని అడుగుతావా? యాప్‌లలో ఉండే ఇంగ్లీషు బటన్లకి తెలుగు పెట్టేవాణ్ణి. "కొనసాగించు", "దాటవేయి", "మళ్ళీ ప్రయత్నించు". ఏళ్ళ తరబడి ఈ మూడే. తెలుగులో పెట్టుకుని ఆ యాప్ వాడేవాడు ఒక్కడైనా ఉన్నాడో లేడో ఎవరికీ తెలీదు గానీ, "దాటవేయి" అనాలా "దాటవేయండి" అనాలా అని ఓసారి మూడు గంటలు మీటింగ్ పెట్టారు. చివరికి "స్కిప్" అని ఉంచీసారు.

చివరి రెండేళ్ళు పగలు నీ నౌకరీ, రాత్రి ఫ్రీలాన్స్. ఒడియా నుంచి తెలుగు, తెలుగు నుంచి ఒడియా, చేతికొచ్చిందల్లా చేసీవాణ్ణి. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదని అందరూ చెప్తారు గానీ, ఆ పడవల్లో ఒకదానికి నెలనెలా నీ సంతకం ఉంటే కాలు తియ్యడం ఎంత కష్టమో ఎవరూ చెప్పరు. చివరికి రాజీనామా ఇచ్చీసి ఊరొచ్చీసాను. మా అమ్మ ఏమీ అన్లేదు. ఓ నెల తర్వాత మాత్రం, "ఒరే, ఈయాల ఒకటో తారీకు కాదేటి రా?" అంది, అదీ పప్పు తిరగమోత పెడుతూ, నా వైపు చూడకుండా. తిట్టినా బాగుండును.

నీ బలం నాకు తెలీక కాదు. అసలు మా కుటుంబం చరిత్రే నువ్వు రాసింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం పుట్టింది. మా ముత్తాత ముందురోజు రాత్రి మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకుని పొద్దున్న ఒరిస్సాలో లేచాడు, మంచం మాత్రం అంగుళం కదల్లేదు. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న, ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న, జీఎస్టీ 2017 జులై 1న, ఏం జరిగినా నీ చేతి మీదుగానే. ఒక్క మా గజపతి జిల్లా మాత్రం 1992లో అక్టోబరు 2న పుట్టింది. ఒకరోజు లేటు. అది కూడా ఫ్రీలాన్సరే అని నా నమ్మకం.

సరే, డబ్బుల సంగతికి వస్తాను, లేకపోతే దాటవేసానంటావు. నువ్వు లేని నెల ఎలా ఉంటుందంటే, ఓ కంపెనీ వాళ్ళు "నెట్ సిక్స్‌టీ" అన్నారు. నేనేదో క్రికెట్ ప్రాక్టీసు అనుకున్నాను. బిల్లు పెట్టిన అరవై రోజులకి డబ్బులిస్తారట, అదీ టీడీఎస్ అని ముందే పన్ను కోసుకుని. అప్పుడు చిన్న సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను, పైసా ఖర్చు లేదు, ఆధార్, పాన్ ఉంటే చాలు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం నాలాంటి సూక్ష్మ సంస్థకి (నేనూ, ల్యాప్‌టాపూ, గోడమీద బల్లీ కలిపి ఒక సంస్థ) ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజుల్లోపు ఇవ్వాలి, దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ. ఇన్వాయిస్ అడుగున ఆ ముక్క రాసి, ఛాతీ పొంగించుకుని మెయిల్ పెట్టాను. అటునుంచి జవాబు ఏమొచ్చిందో తెలుసా? "తప్పకుండా సార్, వచ్చే నెల ఒకటో తారీఖున వేసేస్తాం." నువ్వు అక్కడ కూడా ఉన్నావు! బ్యాంకు వాళ్ళు లోనుకి జీతం స్లిప్పులు మూడు అడిగినప్పుడు కూడా ఇంత మండలేదు నాకు.

అయినా ఎందుకు తిరిగి రాలేదంటావా. దానికి కారణం శారద.

కంగారు పడకు. ఓ పెద్దాయన సరిహద్దుకి అవతల, ఆంధ్రాలో ఉన్న పాతపట్నం నుంచి వచ్చాడు, వాళ్ళ నాన్న భూమి మా వైపు ఉంది, ఈయన ఒడియా చదవలేడు, పట్టా మొత్తం ఒడియాలో ఉంది. ఎవరో కుర్రాడు కూడబలుక్కుని చదివి, రెండు ప్లాట్ల పక్కన "శారద" అని ఉందని చెప్పాట్ట. ఇంకేముంది, ఈ శారద ఎవరు, మా నాన్నకి పర్లాకిమిడిలో ఇంకో సంసారం ఉందా, అని ఇంట్లో నెలరోజులుగా గొడవ, అన్నదమ్ముల మధ్య మాటల్లేవు, పోయినాయన ఫొటోకి దండ కూడా మార్చడం లేదు. నేను చూస్తే అది "కిసమ్" అనే గడిలో ఉంది. కిసమ్ అంటే నేల రకం. శారద అంటే వరి పండే పొలం బాబూ, మనిషి కాదు అన్నాను. పెద్దాయన రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నవ్వడం మొదలెట్టాడు, ఎంతకీ ఆపడే, ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుని, "అయ్య మంచోడే అయితే" అన్నాడు.

ఆ పట్టా (ఒడియాలో ఖతియాన్ అంటారు) మొత్తం తెలుగులో రాసిచ్చాను. ఫోన్‌పేలో మూడొందలు, సంచీలో ఓ పనసకాయ. ఆ రోజు ఎన్నో తారీఖో నాకు గుర్తులేదు. తొమ్మిదేళ్ళలో నేను తర్జుమా చేసిన మాట ఒక్కటి ఒక మనిషి మొహంలో ఏం చేస్తుందో చూడ్డం మాత్రం అదే మొదటిసారి.

మా గిడుగు పంతులు గారిని చూడు. బడి పంతులు ఉద్యోగం చేసుకుంటూనే మా కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని, పాఠాల పుస్తకాలు రాస్తే, మద్రాసు ప్రభుత్వం డబ్బులిస్తామంది. నాకొద్దు, ఆ డబ్బుతో సవర పిల్లలకి బడి పెట్టండి అన్నాట్ట ఆయన. ఇన్వాయిసే లేదు! నేనంత గొప్పవాణ్ణి కాదు, నాకు మూడొందలూ కావాలి, పనసకాయా కావాలి, వడ్డీ కూడా కావాలి. అన్నట్టు 1936లో నువ్వు ఊరికి రాష్ట్రం మార్చినప్పుడు ఒప్పుకోక, డెబ్బై రెండేళ్ళ వయసులో ఆయన రాజమండ్రి వెళ్ళిపోయాడు. నీ మాట వినని మనుషులు మా ఊళ్ళో ఎప్పట్నుంచో ఉన్నారు.

ఈ ఉత్తరం నీకు నీ రోజునే అందాలని మొదలెట్టాను, ఈరోజు పధ్నాలుగు. మధ్యలో పని వచ్చీసింది. ఆ నెట్ సిక్స్‌టీ వాళ్ళ డబ్బులు పడినట్టు ఇప్పుడే చూసుకున్నాను, సరిగ్గా నీ తారీఖునే పడ్డాయి, రెండు వారాలుగా నేనే గమనించలేదు. గర్వపడకు, వడ్డీ ఇంకా బాకీ ఉన్నారు.

ఇట్లు,
నీ మాజీ ఆశ్రితుడు

తా.క. అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.