విఫలమైనప్పుడూ పద్ధతిగా ఉండాలట!

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో డ్రైవర్లు, అంటే పరికరాలను నడిపే ప్రోగ్రాములు, రాసేవారికి కొంతకాలంగా మనశ్శాంతి లేదు. ఏదైనా చెడితే తప్ప నడవని నాలుగు లైన్లలోకి దూరి, అక్కడ మెమరీ లీకవుతోందని, అంటే తీసుకున్నది తిరిగి ఇవ్వడం లేదని, ప్యాచ్‌లు (దిద్దుబాట్లు) పంపే వర్గం ఒకటి బయలుదేరింది. ఈ ధోరణిని తీవ్రంగా ఖండిస్తున్నాను.

పరికరాన్ని పనిలో పెట్టడానికి కెర్నెల్ పిలిచే ప్రోబ్ ఫంక్షన్ మెమరీ తీసుకుంటుంది, పరికరపు రిజిస్టర్లు మ్యాప్ చేసుకుంటుంది, పరికరం పిలుపు అందుకోవడానికి ఇంటరప్టు అడుగుతుంది. ఆ మూడోది దొరక్కపోతే మొదటి రెండూ వెనక్కి ఇచ్చెయ్యాలట, అదీ తీసుకున్న వరసకు తలకిందులుగా. శుభమా అని పరికరాన్ని మేలుకొలుపుతుంటే ఈ అపశకునపు లెక్కలేమిటి? అక్కడికక్కడే రిటర్న్ అని రాసి చేతులు దులుపుకునేవాడు ఆశావాది. ఆశావాదాన్ని బగ్ అనడం అన్యాయం.

పోయేది మాత్రం ఎంత, వందో రెండు వందలో బైట్లు. ఈ వాదం 2012 దాకా దివ్యంగా పనిచేసింది. ఆ ఏడాది వాయిదా ప్రోబ్ వచ్చింది. తనకు కావలసిన క్లాకు సంకేతం ఇంకా సిద్ధం కాకపోతే డ్రైవర్ ‘తర్వాత పిలు’ అనే అర్థంలో మైనస్ 517 అంటుంది, కెర్నెల్ కాసేపాగి మళ్లీ పిలుస్తుంది. పిలిచిన ప్రతిసారీ మరో రెండు వందల బైట్లు... సరే, ఈ సంగతి మన మధ్యే ఉండనివ్వండి.

పోనీ దిద్దేవాళ్లయినా సవ్యంగా దిద్దుతారా? పరికరాన్ని కెర్నెల్‌లో నమోదుచేసే డివైస్‌రిజిస్టర్ విఫలమైనా ఆ పరికరపు మెమరీని నేరుగా కేఫ్రీ చేయవద్దని (విడిపించవద్దని), తన రిఫరెన్సును వదులుకునే పుట్‌డివైస్ పిలవాలని ఆ ఫంక్షన్ నెత్తిమీదే రాసి ఉంది. రిఫరెన్సుల లెక్క, అంటే దాన్ని ఇంకా పట్టుకుని ఉన్నవారి లెక్క, సున్నాకు చేరితే రిలీజ్ ఫంక్షనే మెమరీని విడిపిస్తుంది. అది చదివిన పుణ్యాత్ముడు పుట్‌డివైస్ చేరుస్తాడు, కింద ఉన్న పాత కేఫ్రీని వదిలేస్తాడు. చచ్చిన పామును మళ్లీ చంపడమంటే ఇదే. తేడా ఏమిటంటే, రెండుసార్లు చంపిన ఈ పాము కాటేస్తుంది: ఒకే మెమరీ బ్లాకు ఇద్దరి చేతికి వెళ్తుంది, చొరబడాలనుకునేవాడికి దారి దొరుకుతుంది. నా లీకు ఏనాడైనా ఇంత పని చేసిందా?

ఈ తద్దినమంతా ఎందుకని 2007లో డెవ్‌రెస్ అనే ఏర్పాటు తెచ్చారు. మెమరీని పరికరానికి ముడివేస్తే, ప్రోబ్ విఫలమైనా పరికరం విడిపోయినా అదే ఖాళీ అవుతుంది. బద్ధకానికి రాజముద్ర పడిందని సంబరపడ్డాను. తీరా చూస్తే, యూఎస్‌బీ పరికరాన్ని లాగేశాక కూడా ఫైలు తెరిచి ఉంచుకున్న ప్రోగ్రాము, ఎప్పుడో పోయిన ఆ మెమరీనే తడుముతుంది. ఫెయిల్‌స్లాబ్ అనే పరీక్షా సాధనం గురించి చెప్పకపోవడమే నయం. మెమరీ నిండుగా ఉన్నా లేదు పొమ్మని అబద్ధమాడి మన డ్రైవర్ బండారం బయటపెట్టడమే దాని ఉద్యోగం.

ఇంతకీ అన్నిటికన్నా అమానుషమైనది ప్యాచ్ అడుగున ఉండే ‘ఫిక్సెస్’ లైను. ఏ కమిట్ (కోడ్‌లో నమోదైన పాత మార్పు) చేసిన పాపాన్ని కడుగుతున్నారో దాని 12 అక్షరాల గుర్తును, శీర్షికతో సహా, శాశ్వతంగా చరిత్రలో చెక్కుతారు. మొన్న వచ్చిన ఒక్క లైను ప్యాచ్‌లో ఉన్నది నా కమిట్. ఈ వ్యాసానికీ దానికీ ఏ సంబంధమూ లేదు.